సింటలూటా రైతు పార్ట్రిడ్జ్: ఊరి పని ఆయన చేస్తే ఇంటి పని ఎవరు చేశారు?

చలిపులి (రెజీనా)

కెనడా రైతుల మాట వస్తే ఇక్కడ ఎప్పుడూ వేల ఎకరాల గురించో, కోట్ల రూపాయల కంబైన్ల గురించో నడుస్తుంది. వాటికి ముందు కాలం సంగతి ఒకటి చెబుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రెజీనా నుంచి ఒకటో నంబరు హైవే మీద తూర్పుకి పోతే ఇండియన్ హెడ్ వస్తుంది. అది దాటితే సింటలూటా. కళ్ళు మూసి తెరిచేలోగా ఊరు అయిపోతుంది. సస్కాచెవాన్‌లో రైతు సంఘాల చరిత్ర మొత్తం ఈ రెండు ఊళ్ళ చుట్టూ, కాస్త ఉత్తరాన ఉన్న అబెర్నెతి చుట్టూ పుట్టింది.

ఎడ్వర్డ్ అలెగ్జాండర్ పార్ట్రిడ్జ్ ఒంటారియోలో పుట్టాడు. కొన్నాళ్ళు బడిపంతులు. 1883లో సింటలూటా దగ్గర భూమి తీసుకున్నాడు. అప్పటి చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలు రాయించుకోవచ్చు. మూడేళ్ళు అక్కడే కాపురముండి, కొంత బీడు దున్ని, ఇల్లు కట్టుకుంటే పట్టా ఇస్తారు. చెట్టు లేదు, పుట్ట లేదు. మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్ళీ మంచు పడేదాకా పంటకి దక్కేది నాలుగు నెలలు. అందులోనే దుక్కి, విత్తు, కోత, నూర్పిడి అన్నీ.

అసలు కష్టం గోధుమ ఇంటికొచ్చాక మొదలయ్యేది. స్టేషన్ పక్కన ఎలివేటర్ ఉంటుంది, అంటే ధాన్యాన్ని పైకి ఎత్తి నిలవచేసి రైలు పెట్టెల్లోకి వదిలే పొడవాటి చెక్క గోదాము. అది కంపెనీ వాడిది. పెట్టెలు రైల్వేవి. ఎలివేటర్ కట్టిన కంపెనీలకే పెట్టెలిస్తామని రైల్వే వాళ్ళు మాట ఇచ్చేశారు. రైతు బండి తోలుకొచ్చాక ఎలివేటర్ గుమాస్తా ఏ గ్రేడంటే అదే గ్రేడు, ఎంత చెత్త ఉందంటే అంత తరుగు. కాదంటే బండి వెనక్కి తిప్పుకుని పోవాలి, గడ్డకట్టే చలిలో.

1901లో పంట విరగపండింది. మానిటోబా, వాయవ్య ప్రాంతాలు (అప్పటికి సస్కాచెవాన్ వీటిలోనే ఉండేది) కలిపి 6 కోట్ల బుషెళ్ళు అంటారు (గోధుమ బుషెల్ అంటే 27 కిలోల పైచిలుకు). మోయడానికి పెట్టెలు లేవు. ఆ డిసెంబరులో అబెర్నెతి రైతులు మదర్‌వెల్, డేమన్ కబురు పెడితే చుట్టుపక్కల వాళ్ళంతా ఇండియన్ హెడ్‌లో కూడి సంఘం పెట్టారు. మరుసటి ఏడు చట్టంలో ఒక మార్పు సాధించారు: పెట్టె కావాలన్న ప్రతి రైతు పేరూ స్టేషన్‌లో పుస్తకంలో రాయాలి, వరస ప్రకారమే ఇవ్వాలి.

చట్టం వచ్చింది, అమలు కాలేదు. అప్పుడు సంఘం సింటలూటా స్టేషన్ ఏజెంటు మీద కేసు వేసింది. గెలిచింది. జరిమానా 50 డాలర్లు. రైల్వే వాళ్ళు పైకోర్టు దాకా వెళ్ళినా తీర్పు మారలేదు.

పార్ట్రిడ్జ్ పేరు పెద్దదైంది ఆ తర్వాత. అది తర్వాతి పోస్టులో రాస్తా, రేపు పొద్దున్నే పొలాల మీదికి వెళ్ళాలి.

పల్నాడు_పోకిరి

అన్నా, ఇది మన యార్డే కదా! తేమ ఎక్కువుందని ఒకడు, తాలు ఉందని ఒకడు, చివరికి కాంటా మీద ఇంకొకడు. మిర్చి టిక్కీ దించాక తిరిగి తీసుకుపోలేం అని వాడికీ తెలుసు, మనకీ తెలుసు. తేడా ఏంటంటే వాళ్ళు కోర్టుకెళ్ళారు, మనం టీ తాగి వచ్చాం.

పాత_పద్దులు (అనంతపురం)

నేను సహకార శాఖలో ఆడిట్ చేసి రిటైరైనవాణ్ణి. నాకు ఈ కథలో నచ్చింది ఆ స్టేషన్ పుస్తకం. ఉద్యమాలు నినాదాలతో గెలిచాయని చెప్పుకుంటాం గానీ, చాలాసార్లు గెలిచేది ఒక రిజిస్టరు. పేరు, తేదీ, వరస సంఖ్య. ఇవి మూడూ ఒక కాగితం మీద పడితే గుమాస్తా ఇష్టారాజ్యం సగం పోతుంది.

ఒకటి అడగాలి చలిపులి గారూ. ఆ తర్వాత వాళ్ళు కంపెనీ పెట్టారని విన్నాను. ఓటు వాటాని బట్టా, మనిషిని బట్టా?

చలిపులి (రెజీనా)

మనిషిని బట్టేనండీ. ఎన్ని వాటాలున్నా ఒక్క ఓటు.

1905 జనవరిలో సింటలూటా రైతులు పార్ట్రిడ్జ్‌ని విన్నిపెగ్ పంపారు. అక్కడి ధాన్యం ఎక్స్ఛేంజీలో గోధుమ వ్యాపారం ఎలా నడుస్తోందో చూసి రమ్మని. అక్కడ ఈయన్ని లెక్క చేసినవాడు లేడు. తిరిగొచ్చి మన గోధుమ మనమే అమ్ముకుందామన్నాడు. 1906లో గ్రెయిన్ గ్రోయర్స్ గ్రెయిన్ కంపెనీ పుట్టింది, ఈయనే మొదటి అధ్యక్షుడు. ఎక్స్ఛేంజీలో సీటు, అంటే అక్కడ వ్యాపారం చేసే సభ్యత్వం, కొనడానికి వాటాల డబ్బు చాలకపోతే సింటలూటా రైతులు కొందరు బ్యాంకు దగ్గర సొంత పూచీ పెట్టారు. అంటే పొలాలు పోయినా పర్వాలేదనుకున్నారన్నమాట.

సీటు వచ్చిన కొద్ది నెలలకే ఎక్స్ఛేంజీ వాళ్ళు వీళ్ళని బయటికి పంపేశారు. కారణం ఏం చెప్పారో పద్దులు గారికి నచ్చుతుంది: మిగిలిన లాభాన్ని, ఎవరు ఎంత గోధుమ తోలారో దాన్ని బట్టి పంచుతామని రాసుకున్నారు. అంటే కమీషన్‌లో కొంత రైతుకి తిరిగి ఇచ్చినట్టే, అది ఎక్స్ఛేంజీ నిబంధనకి విరుద్ధమట. చివరికి మానిటోబా ప్రభుత్వం కల్పించుకుంటే 1907లో మళ్ళీ రానిచ్చారు.

అదే ఏడు ఆయన కాలు కోత యంత్రంలో పడి పోయింది. కోసి పనలు కట్టే బైండరు అది. కాలు పోయాక కూడా తిరగడం మానలేదు. 1908లో సంఘం పత్రిక గ్రెయిన్ గ్రోయర్స్ గైడ్‌కి మొదటి సంపాదకుడు ఈయనే, ఒక్క సంచికతో దిగిపోయాడు. ఎలివేటర్లన్నీ ప్రభుత్వమే కట్టాలని ఇంకో పథకం తెచ్చాడు. మొదలుపెట్టిన ప్రతిదాన్నీ ఇంకొకరి చేతిలో పెట్టి తర్వాతిదానికి వెళ్ళిపోయే మనిషి. కంపెనీ కూడా ఏడాదికే క్రెరార్ అనే యువకుడికి అప్పగించాడు.

సీతాలక్ష్మి_57 (గుడివాడ)

బాబూ చలిపులీ, బాగా రాశావు. నేను మా అబ్బాయి దగ్గరికి సస్కటూన్ వచ్చినప్పుడు అబెర్నెతిలో మదర్‌వెల్ గారి ఇల్లు చూశాను. కెనడా పార్కుల శాఖ వాళ్ళు కాపాడుతున్నారు, వేసవిలో తెరుస్తారు. పొలాల్లో ఏరిన రాళ్ళు ఏళ్ళ తరబడి పోగేసి 1897లో కట్టించిన ఇల్లు. చుట్టూ గాలి ఆపడానికి వరసలుగా చెట్లు, నీటికోసం తవ్విన గుంట, ఇంటి ముందు టెన్నిస్ ఆడుకునే గడ్డి కూడా ఉంది. ఆ చదునులో ఆ ఒక్క చోటే పచ్చగా దట్టంగా ఉంటుంది.

గైడు అమ్మాయి కొట్టం, గుర్రాలు, గోధుమ రకాలు అన్నీ చెప్పింది. నేను వంటింట్లో నిలబడిపోయాను. నూర్పిడి రోజుల్లో ఇరవైమంది దాకా మగవాళ్ళు ఇంటికొస్తారు. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు పొలానికి తినడానికీ తాగడానికీ. కట్టెల పొయ్యి, రొట్టె ఇంట్లోనే. ఎండాకాలమైనా వంటింట్లో పొయ్యి ఆరదు. ఆ వంట ఎవరు చేశారు? మదర్‌వెల్ సంఘం పెట్టాడు, 1905లో రాష్ట్రానికి మొదటి వ్యవసాయ మంత్రి అయ్యాడు, తర్వాత ఢిల్లీలాంటి ఒట్టావాకి వెళ్ళి అక్కడా మంత్రి అయ్యాడు. ఆయన మొదటి భార్య ఆడిలెయిడ్ సరిగ్గా ఆ 1905లోనే పోయింది. నలుగురు పిల్లలు పుడితే ఇద్దరే దక్కారు. మూడేళ్ళకి కేథరిన్ అనే ఉపాధ్యాయురాలిని చేసుకున్నాడు. ఆయన రాజధానిలో ఉంటే పొలం చూసుకున్నది ఇంట్లోవాళ్ళూ పాలేర్లూ.

నీ పార్ట్రిడ్జ్ ఇంటి సంగతేమిటి? నువ్వు మూడు పేరాలు రాశావు, భార్య పేరు ఒక్కచోట లేదు.

పల్నాడు_పోకిరి

టీచరమ్మ అటెండెన్స్ తీసుకుంటున్నారు, అందరూ లేచి నిలబడండి 😄

చలిపులి (రెజీనా)

మీరు అడిగింది న్యాయమే సీతాలక్ష్మి గారూ. భార్య పేరు మేరీ స్టీఫెన్స్. ఐదుగురు పిల్లలు. ఈయన ఊళ్ళు తిరుగుతుంటే ఆ చలిలో ఇల్లూ పొలమూ ఈడ్చుకొచ్చింది ఆవిడే. తర్వాత జరిగినవి చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. 1914లో ఒక కూతురు నీళ్ళలో మునిగి చనిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇద్దరు కొడుకులు పోయారు. 1924లో మేరీ గుండెపోటుతో పోయింది. కొంతకాలానికి ఈయన పొలం వదిలేసి పడమటి తీరాన విక్టోరియాకి వెళ్ళి ఒక అద్దెగదిలో ఉన్నాడు. 1931 ఆగస్టులో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. వేలమంది రైతులకి దారి చూపించిన మనిషికి చివర్లో ఇంట్లో మనిషి లేడు.

పల్నాడు_పోకిరి

పైన జోకు వేసినందుకు ఏమనుకోకండి.

కానీ అన్నా, ఒకటి సూటిగా అడుగుతా. ఊరిని ఉద్ధరించినోడు ఇంటిని గాలికొదిలేస్తే ఆయన్ని ఆదర్శం అనొచ్చా? మా ఊళ్ళో ఇలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. రాజీలకి ఆయన లేకుండా పంచాయితీ జరిగేది కాదు. వాళ్ళావిడ మాత్రం మా అమ్మ దగ్గర బియ్యం బదులు తీసుకునేది.

సీతాలక్ష్మి_57 (గుడివాడ)

అంత తేలిగ్గా తీర్పు చెప్పకు నాయనా. కూతురు నీళ్ళలో పడటం, కొడుకులు యుద్ధానికి పోవడం ఆయన మీటింగులకి వెళ్ళడం వల్ల కాదు. నేను అడిగింది ఆయన తప్పు గురించి కాదు, ఆవిడ పేరు గురించి. రెండూ వేరు.

మల్లన్న_భీమదేవరపల్లి

గీ ముచ్చట సదువుతుంటే నాకు మా ముల్కనూరు యాదికొస్తున్నది. 1956ల అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి సారు ఊర్ల రైతులను జమచేసి సొసైటీ వెట్టిండు. అప్పు, ఎరువు, విత్తనం, పత్తి జిన్నింగు, వడ్ల మిల్లు, అన్ని ఒక్క గొడుగు కింద. దేశం నలుమూలల నుంచి వచ్చి చూసిపోతరు. తర్వాత ఆడోళ్ళు సొంతంగ పాల డెయిరీ గూడ వెట్టుకున్నరు.

మా నాయిన అండ్ల మెంబరు. పోకిరి తమ్మీ, ఒక్కటి జెప్త విను. మా దిక్కు సొసైటీ పని జేసుడు ఎవ్వలికి దానధర్మం లెక్క అనిపియ్యలె. సావుకారి దగ్గర వడ్డీ కట్టలేక జేసిన్రు. ఎవ్వని అవసరం వాడే చూసుకున్నడు, గని అందరి అవసరం ఒక్కటే ఉండె. గా గోరల దేశంల గూడ గట్లనే అయ్యుంటది. ఒక్కడు రైలు డబ్బ నింపుకోలేడు.

పాత_పద్దులు (అనంతపురం)

మల్లన్నా, ఒప్పుకుంటా. ఒక పెట్టెకి దాదాపు వెయ్యి బుషెళ్ళు పట్టేది. చిన్న రైతు ఒక్కడు అంత తోలేలోపు చలికాలం అయిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిస్తేనే పెట్టె. అక్కడే సహకారం పుట్టింది, మంచితనంలో కాదు.

ఎర్రనేల_రాజు (వినిపెగ్)

చర్చ బాగుంది, కానీ పునాది దగ్గర ఒకటి వదిలేశారు. 10 డాలర్లకి 160 ఎకరాలు అన్నారు చలిపులీ. ఆ భూమి ఎవరిది?

1874 సెప్టెంబరులో ఫోర్ట్ క్వాపెల్‌లో ప్రభుత్వానికీ ఆదివాసులకీ మధ్య నాలుగో ఒప్పందం (ట్రీటీ 4) జరిగింది. క్రీ, సోటో, అసినిబోయిన్ ప్రజల నుంచి దక్షిణ సస్కాచెవాన్ మొత్తం ఆ కాగితంతో పోయింది. వాళ్ళకి రిజర్వులు, అంటే వాళ్ళకని విడిగా కేటాయించిన నేలలు, మిగిలాయి. సింటలూటాకి దక్షిణాన ఇప్పటికీ ఉంది క్యారీ ద కెటిల్ రిజర్వు.

ఆ రిజర్వుల్లో కూడా రైతులున్నారు, గోధుమ పండించారు. 1881లో చట్టం మార్చి, వాళ్ళు ధాన్యం అమ్మాలంటే రిజర్వు మీద ప్రభుత్వం పెట్టిన ఏజెంటు ఇచ్చే పర్మిట్ కావాలన్నారు. 1889 నుంచి హేటర్ రీడ్ అనే అధికారి ఇంకో అడుగు వేశాడు. మీకు యంత్రాలు వద్దు, కొడవలితో కోసుకోండి, చెరో కొంచెం భూమి చాలు అన్నాడు. పక్కన తెల్ల రైతు బైండరుతో కోస్తుంటే వీళ్ళు చేత్తో పనలు కట్టాలి. పంట నేల మీదే పాడైన సందర్భాలున్నాయి.

కాబట్టి 1902లో సింటలూటా రైతులు "మా గోధుమ మేమే పెట్టెలోకి ఎక్కించుకునే హక్కు మాది" అని కోర్టుకెళ్ళినప్పుడు, కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న రైతుకి తన గోధుమ అమ్ముకోవడానికి చీటీ కావాల్సి వచ్చింది. సంఘం ఆయన్ని పిలవలేదు. "ఊరికోసం" అన్నప్పుడు ఊళ్ళో ఎవరెవరిని లెక్కపెట్టారో కూడా అడగాలి.

చలిపులి (రెజీనా)

రాజన్నా, ఇది రాయకపోతే కథ సగమే. ధన్యవాదాలు. మదర్‌వెల్ రెండో భార్య కేథరిన్ పెళ్ళికి ముందు ఫైల్ హిల్స్ రిజర్వులో మిషన్ బడిలో పనిచేసింది. అంటే వీళ్ళకి ఆ జనం తెలియక కాదు.

పల్నాడు_పోకిరి

ఇది నాకు అసలు తెలియదు. మనం అక్కడికి పోయినోళ్ళం ఎవరైనా ఆ రిజర్వులకి వెళ్ళారా?

అనిత_స్విఫ్ట్‌కరెంట్

నేను నర్సుని పోకిరీ, మా ఆసుపత్రికి రోజూ ఆ జనం వస్తారు. ఆ సంగతి వేరే దారంలో (థ్రెడ్‌లో) మాట్లాడుకుందాం, ఒక్క పోస్టుకి సరిపోదు.

సీతాలక్ష్మి ఆంటీ అడిగిన ఆడవాళ్ళ పేర్లలో ఒకటి నేనిస్తాను: వయొలెట్ మక్‌నాటన్. ఇంగ్లాండు నుంచి 1909లో వచ్చి హారిస్ దగ్గర రైతుని పెళ్ళాడింది. మట్టిపెళ్ళలతో కట్టిన ఇంట్లో కాపురం. ఆపరేషన్ జరిగి ఇక పిల్లలు పుట్టరని తేలింది. ఆసుపత్రి అందుబాటులో లేక కాన్పుల్లో చనిపోయేవాళ్ళని చుట్టూ చూస్తూ ఉంది. 1914లో మహిళా రైతు సంఘానికి మొదటి అధ్యక్షురాలైంది. వాళ్ళ మొదటి డిమాండ్లలో ఒకటి ఊరూరా డాక్టరు, నర్సు, మంత్రసాని కావాలని. 1916లో సస్కాచెవాన్ ఆడవాళ్ళకి ఓటు రావడంలో కూడా ఆమె చెయ్యి ఉంది. తర్వాత 1925 నుంచి పాతికేళ్ళు వెస్టర్న్ ప్రొడ్యూసర్ పత్రికలో ఆడవాళ్ళ పేజీ నడిపింది. పొలాల మధ్య ఒంటరిగా ఉన్న రైతు భార్యలు ఆ పేజీకి ఉత్తరాలు రాసేవాళ్ళు.

అదే 1914లో హోల్డ్‌ఫాస్ట్ దగ్గర సార్నియా అనే గ్రామీణ మున్సిపాలిటీలో డాక్టరు ఊరు వదిలి పోతానన్నాడు. రోగులు ఫీజు కట్టలేకపోతున్నారు కదా. రైతులు కూర్చుని, పన్నుల్లోంచి ఏడాదికి 1,500 డాలర్లు ఇస్తాం, ఉండిపో అన్నారు. అప్పటికి అలా ఇవ్వడానికి చట్టమే లేదు. రెండేళ్ళకి చట్టం వచ్చింది. మున్సిపల్ డాక్టరు అనే పద్ధతి అలా పాకింది.

ఇంకొకాయన మాథ్యూ ఆండర్సన్. నార్వే నుంచి వచ్చిన రైతు, రెజీనాకి ఉత్తరాన మక్‌కిల్లప్ మున్సిపాలిటీకి పెద్ద (మన సర్పంచ్ అనుకోండి). పుట్టిన దేశంలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉందని ఆయనకి తెలుసు. కరువు రోజుల్లో జనం జబ్బులు దాచుకోవడం చూసి, తలకి ఏడాదికి 5 డాలర్ల పన్ను కడితే ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్ళొచ్చు అని పథకం రాశాడు. ఏళ్ళ తరబడి మీటింగుల్లో, వంటగదుల్లో కూర్చుని ఒప్పించాడు. 1939లో అమలైంది.

1946 జులై 1న మా స్విఫ్ట్ కరెంట్ చుట్టుపక్కల ప్రాంతమంతా ఒకటే ఆరోగ్య ప్రాంతంగా కలిసింది, అందరికీ డాక్టరు, ఆసుపత్రి. అప్పటి రాష్ట్ర ముఖ్యమంత్రి టామీ డగ్లస్ ప్రభుత్వం దాన్ని చూసే రాష్ట్రమంతా తేవాలనుకుంది. 1962 జులై 1న రాష్ట్రంలో అందరికీ ప్రభుత్వ వైద్య బీమా, మెడికేర్, వచ్చినప్పుడు డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. ఇవాళ కెనడాలో ఎవరూ ఆసుపత్రి బిల్లు చూసి గుండె పట్టుకోకపోవడానికి వెనకాల ఈ రైతుల మీటింగులున్నాయి. డగ్లస్ పేరు అందరికీ తెలుసు. ఆండర్సన్ పేరు మా ఆసుపత్రిలో కూడా సగంమందికి తెలియదు.

మల్లన్న_భీమదేవరపల్లి

అనితమ్మా, మస్తు జెప్పినవ్. 5 డాలర్లు అప్పటి లెక్కల ఎక్కువనా తక్కువనా? కరువుల రైతు కాడ పైస ఏడికెళ్ళి వచ్చె?

చలిపులి (రెజీనా)

మంచి ప్రశ్న మల్లన్నా. 1932 డిసెంబరులో విన్నిపెగ్‌లో మంచి రకం గోధుమ ధర బుషెల్‌కి 40 సెంట్ల కిందికి పడిపోయింది. రవాణా, ఎలివేటర్ ఖర్చు పోతే రైతుకి మిగిలేది ఇంకా తక్కువ. ఆ లెక్కన మనిషికి 5 డాలర్లంటే పదిహేను, ఇరవై బుషెళ్ళు. పెద్ద కుటుంబానికి చిన్న మొత్తం కాదు. అయినా డాక్టరు ఒక్కసారి ఇంటికొస్తే అంతకన్నా పోయేది.

పైగా దుమ్ము. పల్చటి నేలలున్న దక్షిణ సస్కాచెవాన్‌లో మట్టి గాలికి లేచి కంచెల దగ్గర మేటలు వేసేది. ఇళ్ళలో కంచాలు బోర్లించి పెట్టుకునేవాళ్ళు, తినే ముందు తిప్పేవాళ్ళు. తూర్పు రాష్ట్రాల నుంచి రైళ్ళలో సాయం వచ్చేది: ఆపిల్స్, కూరగాయలు, ఉప్పు చేప. ఆ ఎండిన కాడ్ చేపని ఏం చేయాలో ఈ మైదానాల (ప్రెయిరీ) ఆడవాళ్ళకి తెలియదు. నీళ్ళలో నానబెట్టాలని చెప్పినవాడు లేడు. దాన్ని చెప్పుల అడుగుకి వేశామని ముసలివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

సీతాలక్ష్మి_57 (గుడివాడ)

మా దగ్గరికి పంపితే చేసి చూపించేవాళ్ళం, ఎండుచేపల పులుసు.

పాత_పద్దులు (అనంతపురం)

నవ్వుల మధ్య లెక్కలోకి వస్తాను, ఏమనుకోవద్దు. ఆ కంపెనీ ఏమైంది? సొసైటీలు పుట్టడం కన్నా ఎలా పోయాయో చూడటం నా ఉద్యోగం.

చలిపులి (రెజీనా)

పద్దులు గారూ, అది కొంచెం చేదు కథ. పార్ట్రిడ్జ్ పెట్టిన కంపెనీ 1917లో అల్బెర్టా రైతుల కంపెనీతో కలిసి యునైటెడ్ గ్రెయిన్ గ్రోయర్స్ అయింది. 1924లో సస్కాచెవాన్ వీట్ పూల్, అంటే రైతులందరి గోధుమ కలిపి అమ్మే సహకార సంఘం, వచ్చింది. దానికి కూడా ముసలి పార్ట్రిడ్జ్ ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. ఊరూరా పూల్ ఎలివేటర్, ఊరూరా కమిటీ. 1929 పంటకి పూల్ రైతులకి ముందుగా బుషెల్‌కి డాలరు ఇచ్చేసింది, తర్వాత ధర కూలింది. రాష్ట్ర ప్రభుత్వాలు పూచీ పడి ఆదుకోవాల్సి వచ్చింది. అయినా నిలబడింది.

1996లో పూల్ షేర్లు మార్కెట్‌లో పెట్టారు. 2007లో అది యునైటెడ్ గ్రెయిన్ గ్రోయర్స్ వారస కంపెనీని కొనేసి విటెరా అని పేరు మార్చుకుంది. విటెరాని గ్లెన్‌కోర్ అనే బహుళజాతి కంపెనీ కొంది. 2025లో విటెరా బంగీ అనే ధాన్య వ్యాపార సంస్థలో కలిసిపోయింది. "మన గోధుమ మనమే అమ్ముకుందాం" అన్న రెండు కంపెనీలూ ఇప్పుడు ఒకే ప్రపంచ వ్యాపారి జేబులో ఉన్నాయి.

పాత_పద్దులు (అనంతపురం)

షేర్లు మార్కెట్‌లోకి వెళ్ళిన రోజే మనిషికో ఓటు పోయి రూపాయికో ఓటు వచ్చే దారి మొదలైంది. మిగతా ఇరవై తొమ్మిదేళ్ళు కర్మకాండ.

ఎర్రనేల_రాజు (వినిపెగ్)

పూర్తిగా ఒప్పుకోను పద్దులు గారూ. అమ్ముకోవడానికి ఒప్పుకున్నది కూడా రైతు ప్రతినిధులే. అప్పటికి వాళ్ళ సంఖ్య పడిపోయింది. 1936లో సస్కాచెవాన్‌లో 1,42,391 కమతాలుండేవి. 2021 లెక్కల్లో 34,128. సగటు కమతం 1,700 ఎకరాలు దాటింది. పది మైళ్ళకో ఎలివేటర్, ప్రతి ఊళ్ళో కమిటీ ఉండాలంటే మనుషులేరీ? గుర్రబ్బండి ఒక రోజులో వెళ్ళి రాగల దూరానికి కట్టిన ఊళ్ళవి. లారీలొచ్చాక ఊళ్ళే ఖాళీ అయ్యాయి.

పల్నాడు_పోకిరి

అయితే ఇప్పుడు పక్కవాడికి సాయం అదీ ఏమీ లేదన్నమాట. ఎవడి వెయ్యి ఎకరాలు వాడివి.

చలిపులి (రెజీనా)

లేదు తమ్ముడూ, అక్కడే పొరబడ్డావు. కోతల టైములో రైతుకి కాన్సర్ అని తెలిసినా, హఠాత్తుగా చనిపోయినా, చుట్టుపక్కలవాళ్ళు సొంత కోత ఆపి తమ కంబైన్లు తోలుకొచ్చి ఒక్క రోజులో ఆ ఇంటి పంట తీసేస్తారు. నేను ఒకసారి చూశాను. పది పైగా కంబైన్లు పక్కపక్కనే, వెనకాల ధాన్యం బళ్ళు. డీజిలు ఎవరిదో, లారీ ఎవరిదో అడిగినవాడు లేడు. మధ్యాహ్నం ఊరి హాలు నుంచి ఆడవాళ్ళు తిండి తెచ్చారు. (అవును సీతాలక్ష్మి గారూ, మళ్ళీ ఆడవాళ్ళే.) సెప్టెంబరులో వాన లేని ఒక్క రోజు విలువ వ్యవసాయం చేసేవాళ్ళకే తెలుస్తుంది. ఆ రోజుని పక్కవాడికి ఇచ్చేశారు.

ఆ పొలంలో పండింది ఏమిటనుకున్నావు? ఎర్ర మైసూరు పప్పు. ఒకప్పుడు ఇక్కడ గోధుమ తప్ప ఏమీ వేసేవాళ్ళు కాదు, ఒక ఏడు పంట, ఒక ఏడు ఖాళీ. యూనివర్సిటీ వాళ్ళు 1970లలో పప్పుల రకాలు తెచ్చాక ఆ ఖాళీ ఏడాది పోయింది. ఆ పప్పు ఇండియా కూడా వస్తుంది. మన ప్రభుత్వం దిగుమతి సుంకం పెంచినప్పుడల్లా ఇక్కడ రైతులు నన్నే అడుగుతారు, నేనేదో మంత్రిని అన్నట్టు.

మల్లన్న_భీమదేవరపల్లి

గా సుంకం తగ్గిస్తే మా కందుల ధర పడ్తది తమ్మీ. నువ్వు వాళ్ళకు జెప్పు, మల్లన్న ఒప్పుకుంట లేడని 😀

అనిత_స్విఫ్ట్‌కరెంట్

మా దగ్గర ఊళ్ళలో ఇప్పటికీ అగ్నిమాపక దళమంటే రైతులే. పేజర్ మోగితే ట్రాక్టర్ అక్కడే ఆపి పరిగెత్తుతారు. శరదృతువులో ప్రతి ఊరి హాల్లోనూ టర్కీ కోడి విందు పెడతారు, టికెట్టు కొని వెళ్ళాలి. ఆ డబ్బుతో హాలు కప్పు వేయిస్తారు, స్కేటింగ్ మైదానానికి కరెంటు బిల్లు కడతారు. నేను మొదటి ఏడు వెళ్ళినప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దాయన మున్సిపాలిటీ కౌన్సిలరు, హాలు కమిటీ సభ్యుడు, చర్చిలో లెక్కలు చూసేవాడు, అంబులెన్సు నడిపేవాడు కూడా. నాలుగూ ఆయనే ఎందుకండీ అంటే, మిగతావాళ్ళు వలసపోయారు అన్నాడు. గొప్ప కోసం చెప్పలేదు, విసుగ్గా చెప్పాడు.

సీతాలక్ష్మి_57 (గుడివాడ)

ఆ విసుగు నాకు నచ్చింది. సేవ చేసేవాళ్ళందరూ చిరునవ్వుతో ఉంటారని మనం రాసుకుంటాం.

ఇంకో మాట. పోకిరి అడిగినదానికి నాకు ఇప్పుడు సమాధానం దొరికినట్టుంది. పార్ట్రిడ్జ్ ఇంటిని వదిలి ఊరికి వెళ్ళాడని కాదు. డాక్టరు లేని, ధర లేని ఊళ్ళో ఇల్లు ఒక్కటే బాగుండటం కుదరదు. ఆ సంగతి ఆయన కన్నా మేరీకే ముందు తెలిసి ఉంటుంది, అందుకే ఆయన్ని వెళ్ళనిచ్చింది అనుకుంటాను. అనుకోవడమే, రుజువు లేదు.

పల్నాడు_పోకిరి

వెళ్ళనిచ్చిందో, వెళ్ళకుండా ఆపలేకపోయిందో ఎలా తెలుస్తుంది టీచరమ్మా? మా ఊరి పెద్దమనిషి వాళ్ళావిణ్ణి ఎవరూ అడగలేదు.

సీతాలక్ష్మి_57 (గుడివాడ)

అదీ నిజమే. ఈసారి ఊరెళితే అడుగు. ఉందా ఆవిడ?

పల్నాడు_పోకిరి

ఉంది. కోడలి దగ్గర ఉంటోంది, నర్సరావుపేటలో. అడుగుతా.

ఎర్రనేల_రాజు (వినిపెగ్)

రిజర్వు రైతుల సంగతి మీద అనిత గారన్నట్టు వేరే దారం తెరిచాను, "పర్మిట్ చీటీ లేని గోధుమ" అని. అక్కడికి రండి. చలిపులీ, నువ్వు సింటలూటా వైపు వెళ్ళేవాడివి కాబట్టి ఆ రిజర్వులో ఇప్పుడు సాగు ఎవరు చేస్తున్నారో, కౌలుకి ఎంత పోతోందో కనుక్కుని రాస్తే బాగుంటుంది.

చలిపులి (రెజీనా)

రాస్తా. విత్తు అయ్యాక, జూన్‌లో. అప్పటిదాకా ఇక్కడ ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.